డామినో బల్ల మీద కాఫీ

స్పెయిన్‌లోని మలగా రేవులో నలభై ఏళ్లు చేపల వేలం పాడిన యూసెబియోకు, సార్డీను చేప వాసన చూసి అది ఏ పడవలో వచ్చిందో చెప్పగల ముక్కుంది. డెబ్బై ఆరో ఏట ఆ ముక్కు, తను రోజూ డామినో ఆడే 'బెనితో' అనే బారులో చక్కెరతో మాడ్చి వేయించే గింజల కాఫీ మీద తిరగబడింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే, చేతులు వెనక్కి కట్టుకుని మంచి కాఫీ కోసం సందు సందూ తిరుగుతాడు. కొత్త కొట్టు కనబడితే గుమ్మంలోనే ఆగి గాలి పీలుస్తాడు. నచ్చితేనే లోపలికి అడుగు పెడతాడు.

నిన్న మధ్యాహ్నం ఒక కొత్త కొట్టులో కొన్న కాఫీ కాగితం కప్పుతో నేరుగా, మిగతా ముగ్గురు ఆటగాళ్లు కూర్చున్న బారుకే వచ్చాడు. "ఏరా, ఆ కొత్త కొట్ల గడ్డాల కుర్రాళ్ల కషాయం ఇక్కడికీ మోసుకొచ్చావా? పారబోసి కూర్చో, లేకపోతే పో," అన్నాడు ముప్పై ఏళ్ల ఆటజోడీ ఫెర్మీన్. ఆ బల్ల దగ్గర తన కుర్చీ పోతే మధ్యాహ్నాలు ఎలా గడపాలో యూసెబియోకు తెలియదు. అయినా కప్పు బల్ల నడుమ పెట్టాడు. "మాడు కాఫీ తాగి తాగి మీ నాలుకలు తారురోడ్లయ్యాయిరా! నేనూ నా కాఫీ కలిసే కూర్చుంటాం. కాదంటే ముగ్గురే ఆడుకోండి."

నలుగురు లేనిదే వాళ్ల ఆట సాగదు. ఫెర్మీన్ గొణుక్కుంటూ బిళ్లలు కలపసాగాడు. యూసెబియో వెంటనే కూర్చోలేదు. నిలబడే, తీరిగ్గా, ఒక గుటక వేశాడు.