నిమ్మకాయకో కన్నం

ఒడియా, తెలుగు కలిసిన మా ఊళ్ళో, గేట్ బజార్‌లో మా నాన్నకి రంగుల దుకాణం. రంగులు ఎవరినీ ఏమీ అనవు. గొడవంతా థిన్నర్ డబ్బాలతోనే. దుకాణం మీది వాటాలో ఉండే ఇంటి ఓనరు తాత ఓ రోజు దిగొచ్చి, ఇలాగైతే ఎప్పుడో అందరం కలిసి లేచిపోతామన్నాడు. ఆయన వయసులో ఆ మాటకి ధైర్యం కావాలి. పేలిపోతామని ఆయన ఉద్దేశం. డబ్బాలైనా కదలాలి, మేమైనా కదలాలి అని తేల్చేశాడు.

ఊరి చివర హల్దియాపదర్‌లో చిన్న గోడౌను తీసుకున్నాం. అందులో థిన్నర్ పెట్టాలంటే పర్మిషన్ కావాలి. పర్మిషన్ రావాలంటే, లోపల మంట పుట్టినా బయటికి రానివ్వని లైటు ఉండాలి. దాన్ని విశాఖపట్నం నుంచి తెప్పించాం. పోత ఇనప డొప్ప, మందపాటి గాజు, చుట్టూ బోల్టులు, వీపు మీద సర్టిఫికెట్ నంబరు కొట్టిన రేకు. జనం పెళ్ళికూతుర్ని చూసినట్టు వచ్చి చూసి, ధర అడిగి, మొహాలు అదోలా పెట్టుకుని వెళ్ళారు. అమ్మకి గుబులు పట్టుకుంది.

"అందరి కళ్ళూ దానిమీదే ఉన్నాయి. ఓ నిమ్మకాయా, నాలుగు మిరపకాయలూ కట్టండి."

"ఎక్కడ కట్టమంటావే? గుండులాగుంది" అన్నాడు నాన్న.

"ఓ కన్నం ఎట్టండి. అదీ నానే సెప్పాలేటి?"

డ్రిల్లింగ్ మిషను చేతికొస్తే నాన్నకి పూనకమే. నేను స్టూలు పట్టుకున్నాను. డొప్ప అడుగున కన్నం పెట్టి, కొక్కెం బిగించాడు.

"సూసినావేటే గుంటా, ఎంత నున్నగా ఒచ్చిందో!"

"ముక్కు కుట్టేసినావు నాన్నా. ఇంక బులాకీ ఎట్టడమే తరవాయి" అన్నాను.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పాసైన మనిషిని. ఇది ముందే చెప్పాల్సింది. ఆలస్యంగా చెప్తే సిగ్గు తగ్గుతుందేమోనని ఆగాను.

మర్నాడు గోడౌనుకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రాడే. నిమ్మకాయని వేలితో పక్కకి తోసి, "ఎ కణా కిఎ కలా?" అన్నాడు. ఒడియాలో కణా అన్నా మన కన్నమే. ఎవరు చేశారని అడుగుతున్నాడు. భాష రానట్టు నటించడానికి కూడా దారి లేకపోయింది.

నాన్న మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం నిదానంగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. థిన్నర్ ఆవిరి ఆ డొప్పలోకి ఎలాగూ దూరుతుంది. లోపల పేలినా డొప్ప తట్టుకోవాలి. మూత అంచుల మధ్య ఉండీ లేనట్టున్న సందులోంచి పాక్కుంటూ బయటికొచ్చేలోగా మంట చల్లారిపోవాలి. నిజంగా లోపల పేల్చి చూశాకే దానికి సర్టిఫికెట్ ఇచ్చారు. మీరేమో మంటకి గుమ్మం పెట్టారు. ఆ సర్టిఫికెట్ ఇక దీనిది కాదు.

"లప్పం పెట్టి మూసేస్తాను, ఆజ్ఞా" అన్నాడు నాన్న ఒడియాలో. ఆజ్ఞా అంటే మన అయ్యా. మా దుకాణంలో లప్పంతో నయం కాని జబ్బు లేదు. ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు.

నాన్న చేతులు జోడించాడు. బ్యాంకు మేనేజరుకి కూడా ఒంటిచేత్తో నమస్కారం పెట్టే మనిషి, తన కొడుకు వయసున్న వాడి ముందు ఆజ్ఞా, ఆజ్ఞా అంటూ వంగిపోతున్నాడు. నేను గోడ వైపు చూశాను. అప్పుడు వినిపించింది.

"మా అమ్మాయి చేసింది ఆజ్ఞా. దీనికి అన్నీ ఆటలే."

నమ్మనివాడు ఎవరు? పుట్టినప్పటినుంచీ నేను సంపాదించుకున్న పేరే అది. ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగి, ఏం చదివావని అడిగాడు.

"ఎలక్ట్రికల్ డిప్లొమా."

ఇక్కడ అబద్ధమాడితే బాగుండేది. కానీ మా ఇంటి వంతు అప్పటికే అయిపోయింది. అతను కన్నం వైపూ, నా వైపూ ఓసారి చూశాడు. కొత్త లైటు పెట్టేదాకా పర్మిషన్ లేదని నాన్నకి చెప్పి బండెక్కాడు. నేను కాదని అనొచ్చు. అంటే ఏం చెప్పాలి? స్టూలు పట్టుకుని నవ్వానని చెప్పాలా? నాన్నని చూసి సిగ్గుపడ్డానో, నన్ను చూసుకుని సిగ్గుపడ్డానో, ఇప్పటికీ విడదీయలేను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాన్న ఒకటే మాటన్నాడు.

"ఆకలేస్తందేటే?"

"లేదు."

మేం దుకాణం తెరిచేసరికి తాత మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"పర్మిషనొచ్చిందేటి?"

నాన్న నా వైపు చూశాడు. "లేదండీ. మా గుంట..." అని ఆగిపోయాడు. ఒడియాలో ఇట్టే వచ్చిన అబద్ధం తెలుగులో గొంతు దాటలేదు.

"లైటుకి ఉక్కపోస్తందని నానే కన్నమెట్టినాను తాతా" అన్నాను. "గాలాడాలి గదా."

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "సదువుకున్న పిల్ల తెలివి సూడండ్రా! సరే, కొత్తది ఒచ్చేదాకా డబ్బాలు ఉండనీండి" అంటూ మెట్లెక్కాడు.

నాన్న కూడా నవ్వాడు, తాత నవ్వడం అయిపోయాక. తర్వాత డబ్బాలు సర్దాలంటూ లోపలికెళ్ళాడు. కొట్లోకి ఇద్దరు ముగ్గురు బేరగాళ్ళొచ్చారు, నేనే చూసుకున్నాను. లోపల్నుంచి డబ్బా కదిలిన చప్పుడు ఒక్కటీ రాలేదు.