రెండో చెవిలో పేరు

ఉడికిన శనగగుడాలకు ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల పోపు పడ్డ వాసన నిన్న నాందేడ్‌లో మా చెల్లెలింటి మెట్ల మీదే నన్ను పట్టేసింది. చెల్లెలి మనవరాలికి తొట్టెల పండుగ, అదే బారసాల. ఆ వాసన ఎక్కడ తగిలినా నేను మహారాష్ట్రలో భోకర్ దగ్గరి మా ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను, నవ్వితే నవ్వుకోండి.

అప్పట్లో తొట్టెల అంటే వాడంతా మా వాకిట్లోనే ఉండేది. చలికాలపు పొద్దున కాగులో మరిగే నీళ్ళు, సాంబ్రాణి పొగ, మూలన కూర్చుని వాము నమిలే బాలింత, మోదుగాకు దొప్పల కోసం చేతులు చాచే పిల్లలం. పేరు పెట్టే హక్కు మేనత్తది. మరాఠీ ఇరుగుపొరుగు నుంచి మాకూ అంటిన వేడుక ఒకటుంది: మేనత్త వంగి పాప చెవిలో పేరు చెబుతుంటే చుట్టూ ఆడవాళ్ళు ఆమె వీపు మీద గుద్దులు వేస్తారు. ఉత్తుత్తి గుద్దులంటారు గానీ, మా వాడ ఆడవాళ్ళవి అంత ఉత్తుత్తివేం కావు.

నా పేరు పోశవ్వ. నానమ్మ మొక్కుకుని పెట్టించింది. మరాఠీ బళ్ళో హాజరీ పిలిచినప్పుడల్లా ముందు వరుస నుంచి వెనక వరుస దాకా కిసుక్కుమనేవాళ్ళు. అది సునీతల కాలం మరి. మరాఠీవాళ్ళింట్లో సునీత, తెలుగువాళ్ళింట్లో సునీత, పిండిగిర్నీ వాళ్ళింట్లోనూ సునీతే. నాకు చెల్లెలు పుట్టగానే నానమ్మ దానికి నర్సవ్వ అని ఖాయం చేసేసింది. నా గతే దానికీ పడుతుందని నాకు ఏడుపాగలేదు. నాందేడ్ నుంచి మేనత్త బస్సు దిగీదిగగానే కొంగు పట్టుకుని సునీత అని పెట్టమని బతిమాలాను. అత్త కొంగు విడిపించుకుని ఇంట్లోకి నడిచింది. తీరా గుద్దులు తిని లేచి, అందరికీ వినబడేలా "సునీత" అంది. నానమ్మ గుడాల గంప అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది, రెండు నెలలు అత్తతో మాట్లాడలేదు. నేను మాత్రం గెలిచానని ఊరంతా తిరిగాను.

ఆరేళ్ళ తర్వాత అదే చెల్లెలు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. క్లాసులో నలుగురు సునీతలట. గురూజీ పిలిస్తే నలుగురూ లేస్తారట, దెబ్బ మాత్రం ఎప్పుడూ దీనికేనట.

"అక్కా, నీ పేరు నాకియ్యి. నీ పేరు బడిల ఇంకెవ్వలకు లేదు," అన్నది.

ఇవ్వనన్నాను. నా పేరు మీద నాకు మొదటిసారి ముద్దొచ్చింది ఆ రోజే.

నిన్న పాపకు పేరు ఫోన్లో వెతికారు. చెల్లెలి కూతురు మేనత్త హోదాలో వంగి ఆరోహి అని చెప్పింది. బాగుంది, నోరు తిరిగే పేరే. వీడియో తీసేవాళ్ళు ఎక్కువై గుద్దేవాళ్ళు తగ్గారు, దొప్పలు పోయి కాగితం ప్లేట్లు వచ్చాయి. 'అవ్వ'తో ముగిసే పేరు ఆ గదిలో నాదొక్కటే. ఇక ఇది నాతోనే పోతుందనుకున్నాను.

అందరూ గుడాల మీద పడ్డాక చెల్లెలు తొట్టెల మీదికి వంగి, పాప రెండో చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పావని అడిగాను.

"నీ పేరే. అప్పుడడిగితే ఇయ్యకపోతివి గద. గందుకే నేనే తీస్కున్న."

ఆచారం ఆచారమే కదా, దాని వీపు మీద ఒక్కటి వేశాను. ఉత్తుత్తిది కాదు.