పొగగొట్టం మీదికి తిప్పిన టెలిస్కోపు

మా పెరట్లో నేను కట్టుకున్న గదిని చూసి వీధిలో అందరూ మొదట కోళ్ళ షెడ్డు అనుకున్నారు. ఛాతీ ఎత్తు ఇటుక గోడలు, వాటి మీద ఇనప పట్టాలు, ఆ పట్టాల మీద పక్కకి జరిగే రేకుల కప్పు. కప్పు తోసేస్తే పైన ఆకాశం, మధ్యలో నా టెలిస్కోపు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన సరదా అదొక్కటే. చలికాలం సాయంత్రాలు టెలిస్కోపు అద్దానికి చెమ్మ పడితే మా ఆవిడ హెయిర్ డ్రైయరు తెచ్చి ఆరబెట్టేవాణ్ణి. కెమెరా తగిలించి నేను తీసిన చందమామ ఫోటోలు మా చర్చిలో సండే స్కూలు గోడ మీద ఉండేవి.

మా పెరటి గోడకి అవతల ఉప్పుడు బియ్యం మిల్లు. మండపేటలో మిల్లు పక్కన ఇల్లుండటం వింతేమీ కాదు. ఊక బూడిద రాలుతుంటుంది, తుడుచుకుంటాం. కానీ ఆ ఏడాది మిల్లు యజమాని లారీల కోసమని కొత్తగా ఫ్లడ్ లైటు వేయించారు. దాని మొహం సరిగ్గా మా పెరట్లోకి తిరిగి ఉంది. నేను తీసిన ఫోటోలన్నీ పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చేవి. వెళ్ళి అడిగాను.

"ఆ లైటు కొంచెం కిందికి వంచిస్తారేమోనండి. మీ లారీలకీ వెలుగు బాగా పడుతుంది."

ఆయన నవ్వారు. "చీకటి కావాలంటే కళ్ళు మూసుకోండి మాస్టారూ. ఎవరొద్దన్నారు?"

గుమాస్తాలు కూడా నవ్వారు. నేను ఊరుకోకుండా మున్సిపాలిటీలో అర్జీ పెట్టాను. అది ఆయనకి తెలిసింది. ఆ వారంలోనే వీధిలో ఒక మాట పుట్టింది. మాస్టారు ఆ గొట్టంలోంచి మిల్లులో పనిచేసే ఆడవాళ్ళని చూస్తున్నాడని.

ఒక సాయంత్రం మిల్లు యజమాని నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చారు. "ఈ గొట్టం గోడ దాటి కిందికి వంగదండి, కావాలంటే తిప్పి చూడండి" అని నేను చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. "ఈ వయసులో ఇదేంటి మాస్టారూ" అన్నాడు వారిలో ఒకడు, నా దగ్గర చదువుకున్నవాడే. వాళ్ళ వెనకే వచ్చిన మిల్లు సూపర్‌వైజరు గొట్టంలో చెయ్యి పెట్టి, "దుమ్ము పట్టిందండి" అంటూ భుజం మీది తువ్వాలుతో అద్దాన్ని రుద్దేశాడు. తువ్వాలు నిండా ఊక నూగు. అద్దం మీద గీతలు పడిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ ఆదివారం చర్చిలో మా ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్ళ బల్ల మీద ఆమెకి అటూ ఇటూ ఖాళీ. ఇంటికొచ్చి, కట్టుకున్న పట్టుచీర మార్చుకోకుండానే వంటింట్లో పీట మీద కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మీరు చూస్తున్నారని వాళ్ళన్నారుగా" అంది. "అయితే చూడండి. ఆ పొగగొట్టం వైపే చూడండి. పట్టపగలు, కప్పు తీసేసి, అందరికీ కనబడేలా చూడండి."

గోడ కిందివి కనబడవు గానీ పొగగొట్టం కొస ఆకాశంలోకే ఉంది. మర్నాటి నుంచి టెలిస్కోపు దాని మీదికి తిప్పాను. చుక్కల కోసం నేర్చుకున్న ఓపికంతా దాని మీద పెట్టాను. పొగలోని బూడిదని పట్టే యంత్రం ఆపేసి మిల్లు నడిపిన ప్రతిసారీ నల్లటి పొగ, అందులో ఎర్రగా మండుతున్న ఊక రవ్వలు, అవి గాలికి వంగి మా వీధి దండేల మీద పడటం, అన్నీ ఫోటోల్లో స్పష్టంగా వచ్చాయి. గీతలు పడిన అద్దంతోనే తీశాను. ఫోటో స్టూడియోలో పెద్ద సైజులో ప్రింట్లు వేయించి మా గేటుకి అంటించాను.

మొదటి రోజు ఎవరూ ఆగలేదు. తర్వాత ఒకావిడ బూడిద మచ్చలు పడిన తన కొత్త చీర తెచ్చి ఫోటో పక్కన పట్టుకుని చూసింది. ఇంకొకాయన కళ్ళ మంటకి వాడుతున్న చుక్కల మందు తెచ్చి చూపించాడు. ఆ వారాంతానికి వీధంతా మా గేటు దగ్గరే ఉంది. వాళ్ళే ఫోటోలు పొల్యూషన్ బోర్డు ఆఫీసర్లకి పంపారు. ఆఫీసర్లొచ్చి చూసి, యంత్రం పాడైందని తేల్చి, బాగుచేసేదాకా మిల్లు నడపొద్దన్నారు.

మిల్లు ఆగింది. నేను పెరట్లో కుర్చీ వేసుకుని, కాఫీ తాగుతూ, ఆ నిశ్శబ్దాన్ని విన్నాను. నా జీవితంలో అంత రుచిగా కాఫీ ఎప్పుడూ తాగలేదు.

మిల్లులో ఊడ్చే ఆవిడ, మా చర్చి మనిషే, గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. "ఫోటోలు బాగున్నాయండి మాస్టారూ. మాకే పని లేకుండా పోయింది." మా ఆవిడ ఆమెని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. ఆ పూట నాకు మాత్రం ముద్ద దిగలేదు. అయినా గేటు మీది ఫోటోలు తీసెయ్యలేదు.

చివరికి యజమాని వచ్చారు, ఒక్కరే. వసారాలో నిలబెట్టాను, కూర్చోమనలేదు.

"అవి తీసేయండి మాస్టారూ. యంత్రం కొత్తది పెట్టిస్తున్నాను. లైటు వంచేశాను. మీ అద్దం కూడా నేనే కొనిస్తాను."

"అద్దం వద్దండి. మీరు చెప్పింది అబద్ధమని చెప్పండి."

"తప్పేనండి. ఒప్పుకుంటున్నాను."

లోపల్నుంచి మా ఆవిడ బయటికొచ్చింది. "ఇక్కడ కాదండి. ఆదివారం మా చర్చి గేటు దగ్గర చెప్పండి. ఆగిన రోజుల కూలి మీ పనివాళ్ళకి ఇస్తానని కూడా అక్కడే చెప్పండి."

ఆయన మొహం నల్లబడింది. కానీ వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలతో, ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే, చెప్పులు విడిచి గేటు పక్కన నిలబడి చెప్పారు. ఆ మాట పుట్టించింది తనేనన్నారు, కూలి సంగతీ చెప్పారు. ఊడ్చే ఆవిడ ముందు వరసలోనే ఉంది. చివర్లో యజమాని నాకు నమస్కారం పెట్టారు. నేను తిరిగి పెట్టలేదు. ఇప్పటికీ పెట్టను.

మా ఆవిడ చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా నా స్కూటరెక్కింది.

దారిలో అడిగాను, "సరిపోయిందా?"

"ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది" అంది. "వెనకున్న వాళ్ళకి వినపడలేదు."