అప్డేట్లు రాని కంప్యూటర్‌లో ఆయన గొంతు

దెయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు, భయమూ లేదు. మా ఆయన ఆస్పత్రిలో పోయినప్పుడు ఆ మంచం పక్కన ఒక్కదాన్నే కూచున్నాను. అప్పుడు కూడా నాకేటీ కనపడలేదు, వినపడలేదు. అందుకే ఇది చెప్తే పిచ్చిదనుకోకండి. నాకు రాయడం రాదు. నేను చెప్తుంటే పక్క క్వార్టర్ టీచరమ్మ రాస్తోంది.

మాది విజయనగరం వైపు. ఆయన ఇక్కడ భిలాయ్ స్టీలు ప్లాంటులో పన్జేసి రిటైరయ్యేరు. వినాయక చవితి పూట మా తెలుగోళ్లకి ఇక్కడ పంతులు దొరకడం కష్టం. అందుకని మా ఇంట్లో పూజా, కథా అన్నీ ఆయనే పుస్తకం చూసి చదివేవారు. గొంతులో గడ్డ ఉంది, కొయ్యాలని డాక్టర్లు చెప్పేక, ఒకరోజు కంప్యూటర్ ముందు మైకు పెట్టుకుని కూచున్నారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నాను.

"నీకా అక్షరం ముక్క రాదు. నీ కొడుక్కా హిందీ తప్ప చదవడం రాదు. రేపు నా గొంతు పోతే గణపతికి కథెవడు చెప్తాడు, మీ తమ్ముడా? వాడు ఉండ్రాళ్లు తినడానికే వస్తాడు," అన్నారు. పూజా, కథా మొత్తం చదివి దాన్లో రికార్డు చేసేరు.

పూజ మొదట్లో సంకల్పం ఉంటాది కదా, గోత్రం చెప్పి ఇంట్లోవాళ్ల పేర్లు చదువుతారు. ఆ సంకల్పంలో ముందు ఆయన పేరు చెప్పుకున్నారు. తరవాత "ధర్మపత్నీ సమేతస్య" అన్నారు, అది నేను. ఆ తరవాత మా అబ్బాయి రాజేష్, కోడలు కవిత. అంతే.

ఆయన పోయేక ప్రతి చవితికీ ఆ గొంతే పూజ చేయించేది. పోయిన మనిషి పేరు సంకల్పంలో చెప్పకూడదు, ఇప్పుడు ఇంటి యజమాని కొడుకేనని ఇక్కడ సుపేలా గుళ్లో పంతులుగారు కోప్పడ్డారు. ఆ ముక్క కత్తిరించేస్తానన్నాడు రాజేష్. నేను ఒప్పుకోలేదు. ఆయన పేరు నేను నోటితో అనను. ఏడాదికోసారి ఆయన గొంతులోనే ఆ పేరు వినడానికి పండగ కోసం కాసుక్కూచునేదాన్ని.

ఈలోగా కంప్యూటర్ పాతదైపోయింది. దీనికింక అప్డేట్లు రావని తెర మీదే వచ్చీసింది. రాజేష్ హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటర్ పనే చేస్తాడు. "కంపెనీవాళ్లు దీన్ని వదిలేసేరమ్మా. కొత్తవేవీ దీన్లో దిగవు. నెట్ ఉంటే వైరస్ వస్తాది," అని వైరు పీకేసేడు. నాన్న గొంతు ఫోన్‌లోకి ఎక్కించరా అంటే "కర్ దూంగా అమ్మా, చేసేస్తాలే" అనేవాడు. ఎప్పుడడిగినా అదే మాట.

మొన్న చవితి నాడు పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేసేను. ఏ బటను నొక్కాలో ఆయనే నేర్పేరు. ఎప్పుడూ వచ్చే బొమ్మ రాలేదు. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కవితని పిలిచేను. కవిత దుర్గ్ పిల్ల, మా ఇంటికొచ్చేక తెలుగు నేర్చుకుంది.

"మమ్మీజీ, అప్డేట్ హో రహా హై. బంద్ చెయ్యొద్దని రాసుంది," అంది.

రాజేష్ తడి తలతోనే పరిగెత్తుకొచ్చేడు. వొంగి వెనక చూసేడు. "నెట్ వైరే లేదు కదే, అప్డేట్ ఎక్కణ్ణుంచి వస్తాది?"

"నాకేటి తెలుసు? కంప్యూటర్ వాలా మీరే కదా జీ!" అంది కవిత.

దీన్లో పోతే ఆ గొంతు ఇంకెక్కడా లేదు. "ఆపీరా" అన్నాను. "మధ్యలో ఆపితే మొత్తం పోతాది, ఉండు," అన్నాడు. ఉండ్రాళ్లు చల్లారిపోయేయి. మనవరాలు తన్వి పాలవెల్లికి కట్టిన మొక్కజొన్న పొత్తు పీకేస్తోంది, దాన్నెవరూ వారించలేదు.

చివరికి తెర మామూలుగా వచ్చింది. రాజేష్ నొక్కేడు. ఆయన గొంతే. మధ్యలో దగ్గు, పుస్తకం తిప్పిన చప్పుడు, అన్నీ అవే. నేను ఆయన పేరు కోసం చెవి ఒగ్గేను.

ఆ పేరు రాలేదు. గోత్రం తరవాత రాజేష్ పేరు వచ్చింది. వాడి ధర్మపత్నిగా కవిత. తరవాత తన్వి.

తన్వి ఆయన పోయేక పుట్టింది. ఆ పేరు పెట్టింది కవితా వాళ్ల నాన్న. మా వైపు ఆ పేరు ఎవరికీ లేదు. కవిత చేతిలో పత్రి జారి కింద పడిపోయింది. రాజేష్ మళ్లీ పెట్టేడు, మళ్లీ అంతే. "నువ్వే ఏదో చేసేవురా" అని వాడి మీద అరిచేను. పిల్ల తల మీద చెయ్యేసి ఒట్టేసేడు. ఫ్యాక్టరీలో తెలిసినోళ్లని తెచ్చి చూపించేడు. దీన్లో అప్డేటన్నదే జరగలేదు, రికార్డు మీద పాత తేదీయే ఉంది, ఎవరూ ముట్టుకోలేదన్నారు వాళ్లు. పంతులుగారు విని, "ఇప్పుడు సరిగ్గా ఉందమ్మా," అన్నారు. సరిగ్గా ఉండడమేటి? నాకు కావలసిన పేరే పోయింది.

ఇంకోటుంది. తన్వి తరవాత, అందరికన్నా ఆఖర్న, నా పేరుంది. పైడితల్లి.

ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి నన్ను పేరెట్టి పిలవలేదు. "ఇదిగో" అనో, "రాజేష్ అమ్మా" అనో, అంతే. మిగతాదంతా ఆయన గొంతేనని ఎవరడిగినా చెప్తాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం చెప్పలేను. నా పేరు ఆయన నోట ఎలాగుంటాదో నేనెప్పుడూ వినలేదు. మరి పలికింది ఆయనో కాదో, నేనెలాగ పోల్చుకునేది?