పండగయ్యగారి సెలవుచీటీలు

ఆ నీటిసరఫరా ఆఫీసులో పండగయ్యగారికి ఒక్కటే పిచ్చి: క్రైస్తవ పండగ ఏదొచ్చినా సెలవు పెట్టాల్సిందే. క్రిస్మస్‌కైతే అందరూ పెడతారు. ఈయన లోకం మర్చిపోయిన పండగలకు కూడా పెట్టేవారు. క్యాలెండర్లో ఎర్రగా ఉండే గుడ్ ఫ్రైడే ఒక ఏడు నల్లబడింది. తర్వాత ఆరోహణ దినం, ఆ పైన పరిశుద్ధులందరి దినం. సెలవులు ఒక్కొక్కటే ఊడిపోతుంటే జనమూ సర్దుకుపోయారు. ఫైళ్ల గదిలో పండగయ్యగారు మాత్రం సర్దుకోలేదు.

మేనేజరమ్మకు ఆయన సెలవుచీటీ అంటేనే తలనొప్పి. అది ఆదాము దగ్గర బయల్దేరి, నాలుగో పేజీకి గాని అసలు సంగతికి వచ్చేది కాదు.

"క్లుప్తంగా రాయండి మహానుభావా!" అని ఆవిడ మొత్తుకుంటే మర్నాడు ఒకే వాక్యం వచ్చింది: 'రేపు ప్రభువు పరలోకానికి ఆరోహణమవుతున్నారు గనుక ఒకరోజు సెలవు కోరుతున్నాను.'

"పోయినేడూ అయ్యారు కదండీ?"

"ఏటా అవుతారు మేడమ్."

"ఆయన పైకి వెళ్తే మీకేం పని?"

"కింద చాలా ఉంటుంది మేడమ్."

మృతుల దినానికి ఇంకో చీటీ.

"మీకెవరు పోయారు?"

"మొత్తం అందరూ మేడమ్."

ఆవిడ నవ్వాపుకోలేక సంతకం పెట్టేసింది. అయినా కిందటేడు రెండు చీటీలు తిప్పి పంపింది. ఆ రెండు రోజులూ పండగయ్యగారు అన్నం ముట్టలేదు.

ఈ ఏడు పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రుజువు లేకుండా ఇంకొక్క పండగ సెలవు పెడితే ఆయన ఉద్యోగం ఊడుతుంది. మేనేజరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. మనిషి మంచివాడు, ఇంకో రెండేళ్లలో రిటైరవ్వాలి.

"చర్చికి వచ్చారని ఫాదర్‌గారి చేత ఒక్క ముక్క రాయించుకు రండి, చాలు," అని బతిమాలింది. ఆయన బుర్ర గోక్కున్నారు తప్ప కాగితం తేలేదు. గుడ్ ఫ్రైడేకి మాత్రం సెలవు పెట్టి మాయమయ్యారు. చేసేది లేక ఆ పొద్దున ఆవిడే ఫాదర్‌గారికి ఫోన్ చేసింది.

"ఆయనా? ఆదివారమైతే ముందు వరసలోనే ఉంటారమ్మా. పండగనాడు మాత్రం పన్నెండేళ్లుగా నా కంటబడలేదు!"

మేనేజరమ్మకు ఒళ్లు మండిపోయింది. దేవుడి పేరు చెప్పి ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటున్నాడా?

మధ్యాహ్నం రెండున్నరకు, కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్న అక్కను చూడటానికి వెళ్లింది. అది జాలీ తలుపు, ఇత్తడి పిడి ఉన్న పాతకాలపు లిఫ్టు. పిడి తిప్పడానికి స్టూలు మీద ఓ మనిషి. ఇద్దరు పట్టేంత ఖాకీ చొక్కాలోంచి పండగయ్యగారి తల ఒక్కటే బయటికి కనబడుతోంది.

"ఏ అంతస్తు..." అని ఆయన నోరు తెరిచి, అలాగే ఉండిపోయారు.

"ఇదేనా మీ పండగ?" అంటూ ఆవిడ లోపలికి ఎక్కింది. ఆయన పిడి తిప్పారు.

"లిఫ్టతను చర్చికెళ్లాడు మేడమ్. వీళ్లకి సెలవు తీసేసి ఆరేళ్లయింది. రెండో అంతస్తు వచ్చింది, కాస్త జరగండి, స్ట్రెచర్ ఎక్కాలి."

స్ట్రెచర్ తోస్తున్న ఆయా అందుకుంది. "ఈయన మీకు తెలుసామ్మా? ఆరోహణ దినానికి నా బదులు కింద గుడ్డలుతికింది ఈయనే! ఇంకోసారి మా ఆయన బదులు బేకరీలో పిండి కూడా పిసికాడు. రొట్టెలు రాళ్లలా వచ్చాయనుకోండి, అది వేరే సంగతి."

"మరి మీ ప్రార్థనో?" అంది మేనేజరమ్మ.

"ఉన్నది ఒక్క సెలవు మేడమ్," అన్నారాయన, తప్పు చేసి దొరికిపోయినట్టు. "ఇద్దరికి సరిపోదు కదా."

మేనేజరమ్మ మనసులో లెక్కేసుకుంది. పన్నెండేళ్ల చీటీలు! ఒక్కో చీటీకి ఒక్కో మనిషి పనిబట్టలు విప్పేసి చర్చిలో మోకరించాడు. తను తిప్పి పంపిన రెండు రోజుల్లో ఎవరు ఆగిపోయారో! ఫైళ్ల దుమ్ములో రోజూ చూసే ఈ బక్కమనిషిని ఆవిడ తలెత్తి, మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

స్ట్రెచర్ దిగి, లిఫ్టు మళ్లీ వీధి గుమ్మం దగ్గరికి రాగానే, "లేవండి," అంది.

"మేడమ్?"

"మూడింటికి కదా ప్రార్థన? పావుగంట ఉంది. పైఆఫీసుకి రుజువు నేను రాస్తాను, కళ్లారా చూశానని. ముందు ఆ స్టూలు ఇటివ్వండి."

"మీకు పిడి తిప్పడం రాదు మేడమ్, అది ఎడమవైపు కాస్త..."

"వెళ్తారా, మెమో ఇవ్వమంటారా?"

పండగయ్యగారు వెళ్లారు. నడిచి కాదు, ఖాకీ చొక్కా గాలికి ఎగురుతుంటే వీధి పొడుగునా పరుగే పరుగు. ఆ వయసులో ఆ పరుగేమిటని మేనేజరమ్మ జాలీలోంచి కళ్లప్పగించి చూస్తుండగా గంట మోగింది. చక్రాల కుర్చీలో ఓ ముసలాయన ఎక్కి నాలుగో అంతస్తు అన్నాడు. ఆవిడ పళ్లు బిగించి పిడి తిప్పింది. లిఫ్టు గడగడలాడి, నేరుగా కిందికి వెళ్లి బట్టలుతికే గది దగ్గర ఆగింది.

ముసలాయన చుట్టూ ఆరేసిన దుప్పట్లు చూశాడు, ఆవిడను చూశాడు.

"కొత్తగా చేరావా తల్లీ?"

"అవునండీ, ఇవాళే."

"ఏం పర్లేదు, అదే వస్తుంది," అన్నాడాయన. "మళ్లీ తిప్పు."