పరాయి ఊరి గోలు

ఇనుప గోల్‌పోస్టులు ఒక్క జతే ఉన్నాయి. కోరుకునే బడులు మాత్రం రెండు: ఉదయగిరిలో మాది, ఆత్మకూరులో వాళ్లది. వాటిని చేయించిన పెద్దాయన అనంతసాగరం రైతు. ఆయన చదువుకున్నది ఉదయగిరిలో, మా ఉన్నత పాఠశాలలో, అత్తవారిది ఆత్మకూరు. ఎవరికిచ్చినా రెండోవైపు వాళ్లతో మాట పడక తప్పదు గనుక, రెండు బడుల ఉపాధ్యాయులనూ ఫుట్‌బాల్ ఆడి తేల్చుకోమన్నాడు. మా ఊళ్లో ఒక మ్యాచ్, వాళ్ల ఊళ్లో ఒక మ్యాచ్.

మా డ్రిల్లు మాస్టారికి ఆ పోస్టులు అత్యవసరం. ఆయన పిల్లలకు ఆట నేర్పుతున్నది రెండు వెదురు బొంగుల మధ్య, పైన అడ్డంగా కట్టిన నులక తాడు కింద. గాలికి తాడు ఊగినప్పుడల్లా బంతి దాని పైనుంచి పోయిందా, కిందనుంచి పోయిందా అని తగాదా వచ్చేది. "రిటైరయ్యేలోపల తగాదా లేని గోలు ఒక్కటన్నా చూడాల సార్" అనేవాడు.

నేను భౌతికశాస్త్రం చెబుతాను. పరుగెత్తలేను గనుక నన్ను గోల్‌కీపర్‌ని చేశారు. రూల్సు చదువుతాను గనుక ఒప్పందపత్రం నా చేత రాయించారు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపినా సమానమైతే, పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టినవారే విజేతలని, అవీ సమానమైతే పెనాల్టీలని అందులో రాశాను. రెండు బడుల డ్రిల్లు మాస్టర్లూ దానిమీద సంతకాలు చేశారు.

"అంటే పరాయి ఊళ్లో గోలు రెండు గోల్స్ కింద లెక్క, అంతే గదా" అన్నాడు మా డ్రిల్లు మాస్టారు.

చాలామంది అనే మాటే అది, కానీ సరికాదు. కాగితం తీసి చూపించాను. మన ఊళ్లో నాలుగు–రెండుతో గెలిచి, వాళ్ల ఊళ్లో ఒకటి–సున్నాతో ఓడామనుకుందాం. మొత్తం నాలుగు–మూడు, గెలుపు మనదే. పరాయి గోల్స్ ప్రస్తావనే రాదు. రెట్టింపు లెక్క వేస్తే మనకు నాలుగే, వాళ్లకు ఐదు. గెలిచిన మనం ఓడిపోతాం.

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అది సరే సార్, మనలో నాలుగు గోల్స్ కొట్టేదెవరు?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మొదటి మ్యాచ్ మా ఊళ్లో ఒకటి–ఒకటిగా ముగిసింది. మావాళ్లు సంబరపడుతుంటే, ఆత్మకూరుకు పరాయి గోలు ఒకటి దక్కిందని నేను గుర్తుచేశాను. రెండో మ్యాచ్‌లో ఎవరూ గోలు కొట్టకపోతే పోస్టులు వాళ్లవి. మళ్లీ ఒకటి–ఒకటి అయితే పెనాల్టీలు. రెండు–రెండు అయితే మావి.

"అంటే డ్రా చేసుకున్నా ఓడిపోతాం, డ్రా చేసుకున్నా గెలుస్తాం! ఏంది సార్ ఈ రూలు?" అని డ్రిల్లు మాస్టారు తల పట్టుకున్నాడు.

అసలు పరాయి మైదానంలో గోలు కొట్టడం కష్టమన్నదానికి ఆధారమేమిటన్న సందేహం నాకు పట్టుకుంది. మా మైదానం ఒకవైపు పల్లమా? సగం ఆట అయ్యాక వైపులు మారతాం గనుక ఆ లాభనష్టాలు చెల్లిపోతాయి. ప్రేక్షకుల అరుపులా? మా పిల్లలు ఆసాంతం ఎగతాళి చేసింది మమ్మల్నే. మిగిలిన కారణం ఒక్కటే: భోజనం. మ్యాచ్‌కు ముందు అతిథులకు సంగటి, పొట్టేలు కూర పెట్టాం. వాళ్లు తిన్నాక తినడం మర్యాద గనుక మేం వడ్డిస్తూ ఖాళీ కడుపుతోనే మైదానంలోకి దిగాం. మొదటి సగమంతా ఆత్మకూరువాళ్లు పెళ్లి విందు ముగించుకుని వచ్చినట్టు నడిచారు. మా గోలు అప్పుడు వచ్చిందే. వాళ్ల గోలు తిన్నది అరిగిన తర్వాతిది.

అందుచేత ఆత్మకూరు ప్రయాణంలో ఒకటే ఆదేశం ఇచ్చాను. మ్యాచ్ అయ్యేదాకా మజ్జిగ తప్ప మరేమీ ముట్టరాదు.

అక్కడ సోమశిల చేపల పులుసు సిద్ధంగా ఉంది. వడ్డిస్తున్న ఆత్మకూరు డ్రిల్లు మాస్టారు మా ఖాళీ విస్తర్లు చూసి నడుం మీద చెయ్యి పెట్టాడు.

"ఏంది సార్, ముల్లు గుచ్చుకుంటాదని భయమా? మీ పొట్టేలు మేం తినలా?"

మా తెలుగు పండితుడు నా వైపు జాలిగా చూసి, చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాను. అయితే నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. తాము కూర్చోకపోతే మేం మొహమాటపడతామని ఆత్మకూరు జట్టంతా మా సరసనే విస్తర్లు వేసుకుంది. రెండు జట్లూ సమానంగా తిన్న తర్వాత నా సిద్ధాంతాన్ని పరీక్షించే అవకాశమే లేకపోయింది.

ఆ మ్యాచ్‌లో జట్టుకు ఏడుగురు చొప్పున పద్నాలుగు మంది ఒక బంతిని ఎంతో గౌరవంగా అనుసరించారు. మా మొదటి గోలు పండితుడి వీపుకు తగిలి లోపలికి వెళ్లింది. ఆయన అప్పుడు చెప్పు సరిచేసుకుంటున్నాడు. రెండోది డ్రిల్లు మాస్టారు నిజంగానే కొట్టాడు. నేను రెండు వదిలాను. రెండు–రెండు.

ఆత్మకూరువాళ్లు పెనాల్టీలకు వరుసకట్టారు. మొత్తం మూడు–మూడు, పరాయి గోల్స్ మావి రెండు, వాళ్లది ఒకటి, కాబట్టి ఆట అయిపోయిందని చెప్పాను. గోలుకు గోలే గదా, ఇదేం అన్యాయమని కేకలు లేచాయి. ఇంతలో వాళ్ల లెక్కల మాస్టారు ఫోన్ పైకెత్తాడు.

"ఈ రూలు యూరప్‌లో ఎత్తేసినారంట! నిజమా, కాదా సార్?"

మా డ్రిల్లు మాస్టారు నా వైపు చూశాడు. అంత ప్రాధేయపూర్వకమైన చూపు పరీక్ష హాల్లో కూడా నాకు ఎదురుకాలేదు.

"నిజమే" అన్నాను. "కొన్నేళ్లయింది. మొదటి మ్యాచ్‌లో సొంత ఊరివాళ్లు పరాయి గోలుకు భయపడి ముందుకు పోకుండా ఆడుతున్నారని ఒక వాదన. అందులో కొంత బలం ఉంది కూడా—"

డ్రిల్లు మాస్టారు నా కాలు తొక్కాడు. మేకుల బూటుతో.

పోస్టులను తన ట్రాక్టర్‌లో తెచ్చి మైదానం పక్కన దింపించిన పెద్దాయన, ఒప్పందపత్రం తెప్పించి ఆత్మకూరు డ్రిల్లు మాస్టారి చేతికిచ్చాడు. ఆయన మొత్తం చదివి, అడుగున తన సంతకం దగ్గర ఆగాడు.

"యూరపోళ్లు ఎత్తేసినారు సరే, నేను ఎత్తెయ్యలేదు గదా" అని కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. "పట్టండిరా. ట్రాక్టర్‌కెక్కిద్దాం."

పోస్టుల్ని మోసింది ఎక్కువగా వాళ్లే. మా జట్టు అప్పటికి వంగే స్థితిలో లేదు.

ట్రాక్టర్ వెనకే ఆటోలో బయల్దేరాం. డ్రిల్లు మాస్టారు ముందు పోతున్న పోస్టులనే చూస్తూ కూర్చున్నాడు.

"తెలీదు అనుంటే ఏంబోయె సార్?" అన్నాడు చివరికి.

"తెలుసు గదా."

"తెలిస్తే తెలిసింది. కారణాలు గూడా చెప్పాల్నా?"

ముందు ట్రాక్టర్ గతుకులో పడి లేచింది, ఇనుము గణగణమంది. ఆయన ఆటోలోంచి సగం బయటికి వంగి చూసి, మళ్లీ లోపలికొచ్చాడు.

"కట్లు గట్టిగానే ఉండాయంటారా?"

"చూడకుండా ఎట్లా చెప్పేది?"

"అయితే దిగి చూడండి సార్. ఇంకెవురు చెప్పినా నేను నమ్మను."

ఆటో ఆపించి, ట్రాక్టర్‌నూ ఆపించాను. మూడు కట్లు బాగానే ఉన్నాయి. నాలుగోది వదులు.