పెద్ద కోట దర్బారు గోడ

నేను తాపీ మేస్త్రీని. చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి దాకా. యాభై ఏళ్ళు నర్సీపట్నం, మాకవరపాలెం చుట్టుపక్కల ఇళ్ళు కట్టాను. అన్నీ సిమెంటువే. నాకు పని నేర్పిన మా మామగారికి సున్నం పని వచ్చు. గానుగలో తిప్పిన సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి గోడకు పూసి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దితే అందులో మన మొహం కనిపిస్తుందని చెప్పేవారు. నేనెప్పుడూ చూడలేదు. ఈమధ్య మా ఆవిడ సత్యవతి ఫోనులో ఒక వీడియో చూపించింది. తుని అవతల ఒక జమీందారు కోటను హోటలు చేశారు. గది తీసుకోకపోయినా భోజనానికి వెళ్తే లోపలంతా చూపిస్తారట. వీడియోలో దర్బారు హాలు గోడ ఒక్కసారి తళుక్కుమంది. అది సున్నమా, రంగా? తెలుసుకుందామని బయల్దేరాం.

నర్సీపట్నం కాంప్లెక్సులో ఉదయం ఆరున్నరకు తుని బస్సు ఎక్కాం. కోటవురట్ల మీదుగా వెళ్ళి పాయకరావుపేట దగ్గర తాండవ వంతెన దాటేసరికి ఎనిమిదయింది. నా టికెట్టు అరవై లోపే. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి సత్యవతి ఆధార్ కార్డు చూపించి, "నా వల్ల కర్చు లేదు, మీ వల్లే" అంది. తుని బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, పెద్ద కోటకని ఆటో మాట్లాడుకున్నాం. రెండు వందల యాభై అన్నాడు. హోటలు బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుంది గాని అందరూ పెద్ద కోట అనే అంటారు.

ఆటో అతను నా చేతులు చూసి, "పనికా తాతా? మేస్త్రీలు బుధవారం నించి కదా వత్తారు" అన్నాడు.

"పనికి కాదు బాబూ, బోజనానికి" అంది సత్యవతి.

"ఓలమ్మ, అయితే రాజుగారి సుట్టాలే" అని నవ్వాడు. ఏం పనని అడిగాను. "దర్బారులో గోడ పాడైపోనాదంట. అంతా కొట్టేసి సిమెంటు ఎయిత్తన్నారు" అన్నాడు. అరగంట ప్రయాణం.

గేటు పదిన్నరకు తీస్తారు. భోజనం, కోట చూపించడం కలిపి మనిషికి ఏడు వందల యాభై. మాకు చూపించినావిడ ఆ ఊరి కోడలే, పేరు నూకరత్నం. పాత పల్లకీలో ఇప్పుడు పేపర్లు పెట్టారు. పడక గది పైకప్పుకు గుడ్డ పంకా వేలాడుతోంది. దాని తాడు గోడలో కన్నం గుండా బయటి వరండాలోకి వెళ్తుంది. లాగే మనిషి అక్కడ కూర్చునేవాడట. ఆ కన్నంలో వేలు పెట్టి చూశాను. తాడు రాసుకుని రాసుకుని కింది రాతి అంచు గాడి పడింది. రాయి అలా అరగడానికి ఎన్ని వేసవులు పట్టిందో. గది అద్దె తొమ్మిది వేలని నూకరత్నం చెబితే సత్యవతి, "రేతిరికా, నెలకా?" అని అడిగింది.

తర్వాత దర్బారు హాలు. పడమటి గోడ శంఖంలా ఉంది. దగ్గరికి వెళ్తే నా తెల్ల చొక్కా, దాని మీద మసగ్గా నా మొహం. సున్నమే. చేత్తో తాకితే చల్లగా, కుండలా ఉంది. ఎదుటి గోడ మాత్రం బొబ్బలెక్కి, పెచ్చులు రాలుతోంది. కొత్తగా కనిపించాలని పోయినేడు దానికి ప్లాస్టిక్ రంగు వేశారట. "ఆ పడమటి గోడ కూడా ఇలాగే అవుద్దేమోనని రెండూ ఇటుక దాకా కొట్టించేత్తన్నారండి" అంది నూకరత్నం.

సున్నం గోడ నేలలోంచి తడి పీల్చి గాలికి వదిలేస్తుంది. రంగు ఆ దారి మూసేసింది. తప్పు రంగుది. ఆ మాట సత్యవతి చెవిలో చెప్పాను.

"నాకు సెప్తే నానేటి సేత్తాను? ఆయనగోరికి సెప్పండి" అంది. మేనేజరుగారు గుమ్మంలోనే ఉన్నారు. ఇస్త్రీ బట్టలు, చేతిలో ఫోను. నేను తల దించుకుని ఆయన పక్కనుంచి దాటాను. భోజనానికి వెళ్ళిపోయాం.

పనసపొట్టు కూర, జీడిపప్పు వేసిన కోడి కూర, గుమ్మడికాయ పులుసు. వంట బాగుందనే సత్యవతి అంది. నేను సరిగ్గా తినలేదు. మేనేజరుగారు బల్లల దగ్గరికి వచ్చి, "భోజనం ఎలా ఉందండీ?" అని అడిగారు.

"ఈయనకి గోడ గొంతులో అడ్డం పడిపోనాదండి" అంది సత్యవతి.

ఇంక తప్పలేదు. "బాబూ, ఒక సెంచా ఇప్పించండి. రండి" అన్నాను.

దర్బారు హాల్లో పాడైన గోడ మీద చెంచా అంచుతో ఒక బొబ్బ లేపాను. నీటి చుక్క కారింది, రంగు తోలులా ఊడొచ్చింది. అడుగున అదే శంఖం తెలుపు, చెక్కుచెదరలేదు. వేలి కణుపుతో గోడ కొట్టి చూపించాను. పూతకు పట్టున్న చోట టక్కుమంటుంది, గోడను వదిలేసిన చోట బోలుగా డబ్బుమంటుంది. "మీరూ కొట్టండి బాబూ" అన్నాను. ఆయన మొహమాటంగా మొదలుపెట్టి, హాలు పొడవునా కొట్టుకుంటూ వెళ్ళారు. మోకాలి ఎత్తు దాకానే డబ్బుమంది. పైనంతా టక్కు. తిరిగొచ్చి, "మా ఇంజనీరు ఇలా కొట్టి చూడలేదు" అన్నారు.

"రంగు గీకించండి. కింది రెండడుగులే కొట్టించి సున్నంతోనే పూయించండి. పడమటి గోడ జోలికెళ్ళొద్దు" అన్నాను. ఆ రోజంతటిలో నేను మాట్లాడిన పెద్ద మాట అదే.

ఆయన అక్కడే ఎవరికో ఫోను చేసి, బుధవారం వచ్చే మనుషులు పడమటి గోడ ముట్టుకోవద్దని చెప్పారు. తర్వాత భోజనాల గదిలో వంటల పేర్లు రాసే బల్ల దగ్గర్నుంచి సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఎక్కడి దాకానో మీరే గీయండి. వాళ్ళు నా మాట మరిచిపోవచ్చు." మోకాళ్ళ మీద కూర్చుని ఈ చివరి నుంచి ఆ చివరికి గీత గీశాను. లేచాక, గీత పైన పెద్ద అక్షరాలతో రెండు మాటలు రాశాను: పైన కొట్టొద్దు.

మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాం. సిమెంటు నాకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టను. నేను కట్టిన ఇళ్ళు గట్టివే. కానీ నేను పూసిన గోడ ఒక్కదాన్ని కూడా మళ్ళీ వెళ్ళి తాకి చూడాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. రాజులు ఎలా బతికారో చూద్దామని చాలామంది ఆ కోటకు వెళ్తారు, చూడదగ్గదే. నాకు మాత్రం పనివాళ్ళు ఎంత ఓపిగ్గా బతికారో తెలిసింది. బస్సులో సత్యవతి నిద్రపోయింది, నేను నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. భోజనానికి ముందురోజే ఫోను చేసి చెప్పుకోవాలి. లోపలికి వెళ్ళగానే మొదట దర్బారు హాలే చూపించమని అడగండి. పదకొండు దాటితే పడమటి గోడ మీంచి కిటికీ ఎండ తప్పుకుంటుంది. అప్పుడది మామూలు తెల్ల గోడలాగే ఉంటుంది.